యాభై ఆరు పళ్ళు

తుల్లియో దాన్ని చేపల సంచిలో తెచ్చాడు.
ట్రియెస్టే రేవు పక్కన బార్ మూసేశారట.
కాఫీ యంత్రం ఒకడు, కుర్చీలు ఒకడు ఎత్తుకెళ్ళగా
తెర పగిలిన ఆటపెట్టె ఎవరికీ అక్కర్లేకపోయింది.
వెనక చెక్క ఊడగొట్టి
లోపలి బోర్డు ఒక్కటే పీకి నా బల్ల మీద పెట్టాడు.
"బతుకుతుందేమో చూడు, నీవెస్."

పగలు నేను చెవిటి మిషన్లు బాగుచేస్తాను.
బియ్యపు గింజంత స్పీకర్లు, వెంట్రుకంత తీగలు.
రాత్రిళ్ళు ఇవి.
సిగరెట్ పొగ, సముద్రపు ఉప్పు,
ముప్పై ఏళ్ళ జిడ్డు పేరుకున్న పలకలు.
టూత్‌బ్రష్షుతో, స్పిరిటుతో తోముతుంటే
ఎవరెవరి సాయంకాలాలో
నల్లగా గిన్నెలోకి కారతాయి.

అంచున యాభై ఆరు రాగి పళ్ళు,
పైన ఇరవై ఎనిమిది, కింద ఇరవై ఎనిమిది.
ఏ పన్ను ఏమడుగుతుందో నాకు కంఠతా వచ్చు.
దీనికి ఐదు వోల్టులు, దానికి పన్నెండు,
ఇది ఎరుపు, ఇది నీలం,
ఇది ఎడమకు తిరగడం, ఇది దూకడం.
ఇదిగో, ఈ పన్ను మాత్రం డబ్బులు.

ఇంట్లో టీవీకి కలిపినా సరే
దానికి ఇల్లంటే ఏమిటో తెలియదు.
తెర మీద మినుకుమినుకుమంటూ కాసు వెయ్యమంటుంది,
లీరాలు చెల్లడం మానేశాయని ఎవరూ చెప్పని
మొండి షావుకారు.
అందుకని ఆ తీగకు
ఒక కాలింగ్‌బెల్ బొత్తాం అతికాను.
చిల్లిగవ్వ లేకుండా నొక్కుతాను. నమ్మేస్తుంది.
ప్రతిసారీ కొంచెం సిగ్గేస్తుంది.

మొదటి రాత్రే వెలిగింది.
ఆకాశం గులాబీ, వీరుడి మొహం పచ్చకామెర్ల పచ్చ.
రెండు తీగలు తారుమారు చేశాను, అంతే.
సరిచేసేలోగా స్కోర్ల పట్టిక వచ్చింది.
పది వరసల్లో ఏడు ఒకే పేరు.
ఓ, ఆర్, ఏ.
ఓరా. మా భాషలో 'ఇప్పుడు' అని.

మూడక్షరాలే పడతాయి కదా, ఓరాత్సియో అయ్యుంటాడు,
బార్‌కి పాలు వేసేవాడు, అన్నాడు తుల్లియో.
మర్నాడు వచ్చి కాదన్నాడు, వాడి పేరు ఒరెస్తే.
రేవులో క్రేను నడిపే పిల్ల ఒకతె వచ్చేది,
ఎడమచేతి వాటం,
పేరు గుర్తులేదు.

ఆ పట్టికంతా మూలనున్న బ్యాటరీ దయ.
బొటనవేలంత ఉంటుంది. దాని నడుము పగిలి
ఆకుపచ్చ చిలుం కారుతూ
రాగి గీతలను ఒక్కొక్కటే నములుతోంది.
ఉంచితే బోర్డు పోతుంది.
తీస్తే ఓరా పోతుంది.

ఉపాయం లేకపోలేదు.
పక్కన కొత్తది కరెంటు అందిస్తుండగా పాతది కత్తిరించాలి,
దీపంతో దీపం అంటించుకున్నట్టు.
చెవిటి మిషన్ల చెయ్యి నాది, వణకదు.
ఆ రాత్రి బోరా గాలి కిటికీ రెక్కను ఈడ్చి కొట్టింది.
వణికింది.
రెప్పపాటే. దానికది చాలు.

మళ్ళీ వెలిగిస్తే వరస వరసనా ఫ్యాక్టరీ పేర్లు,
గుండ్రటి అంకెలు,
ఎవరూ చెమటోడ్చనివి.
ముందే గ్యాస్ బిల్లు వెనక రాసిపెట్టుకున్నాను, అదొక్కటే బుద్ధి:
ఆరు లక్షల నలభై వేల మూడొందలు.

నాకు బాగుచేయడం వచ్చు, ఆడటం రాదు.
మూడో అంచెలో వంతెన దగ్గర చస్తూ
ఈ చలికాలమంతా బొత్తాం నొక్కాను.
కిందింటావిడ రెండుసార్లు తలుపు తీసి చూసిందట,
బెల్ మోగినట్టనిపించి.

నిన్న పదో వరసలో చోటు దొరికింది.
పేరు అడుగుతూ తెర లెక్క దిగుతోంది.
తిప్పి తిప్పి ఓ దగ్గర ఆపాను. తర్వాత ఆర్.
మూడో గడి ఏ దగ్గరే నిలబడి ఉంది.
నేను కర్ర వదిలేశాను.
సున్నా అయ్యాక
అదే రాసుకుంది.

డెబ్భై వేలే.
చూస్తే ఓరా నవ్వుతాడు,
లేదా నవ్వుతుంది.